టమ్మీ టక్ తరువాత లోపలి కుట్టు నిలిచిందా?

పొట్ట తగ్గించుకునే ఆపరేషన్‌ను టమ్మీ టక్ అంటారు. ఒకప్పుడు ఈ మాట సినిమావాళ్ల గురించి చెప్పుకునేటప్పుడే వినిపించేది. ఇప్పుడు హైదరాబాదు, విశాఖ, విజయవాడలలో మామూలు కుటుంబాల స్త్రీలు కూడా ఈ ఆపరేషన్ చేయించుకుంటున్నారు. ఇద్దరు ముగ్గురు బిడ్డలను కన్నాక పొట్ట సంచిలా జారిపోయినవారు, బాగా లావుగా ఉండి సన్నబడ్డాక చర్మం వేలాడుతున్నవారు, బొడ్డు దగ్గర హెర్నియా ఉన్నందువల్ల రెండూ ఒకేసారి సరిచేయించుకున్నవారు వీరిలో ఉన్నారు. చాలామంది ఈ సంగతి ఇరుగు పొరుగుకే కాదు, సొంత అక్కచెల్లెళ్లకు కూడా చెప్పరు. అందువల్ల ఇంటికి వెళ్లాక వచ్చే సందేహాలను అడగడానికి ఎవరూ ఉండరు.

ఆ సందేహాలలో అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టేది ఒకటే. "లోపల వేసిన కుట్టు నిలిచిందా, ఊడిందా?"

ఇద్దరు తల్లుల సంగతి చెబుతాము. మొదటి ఆమెకు ఆపరేషన్ అయిన ఐదవ వారంలో గట్టిగా దగ్గు వచ్చింది. పొట్టలో "టప్" మన్నట్టు అనిపించింది. సాయంత్రానికి పొట్ట ఉబ్బింది. కుట్టు తెగిపోయిందనుకుని రెండు రాత్రులు నిద్రపోలేదు. బంగారం తాకట్టు పెట్టి చేయించుకున్న ఆపరేషన్ కావడంతో భర్తకు చెప్పే ధైర్యం లేకపోయింది. పరీక్ష చేసి చూస్తే కుట్టు గట్టిగానే ఉంది. ఉన్నది వాపు మాత్రమే. రెండవ ఆమెకు తొమ్మిదవ నెలలో బొడ్డుకు పైన, నిలబడినప్పుడు నిమ్మకాయంత ఉబ్బు కనిపించసాగింది. పడుకుంటే పోయేది. గ్యాస్ అనుకుని మందుల షాపులో మాత్రలు కొనుక్కుని నాలుగు నెలలు మింగింది. చివరకు స్కానింగ్‌లో అది హెర్నియా అని తేలింది. పొట్టను అద్దంలో చూసినంత మాత్రాన లోపలి కుట్టు సంగతి తెలియదని చెప్పడానికే ఈ రెండు ఉదాహరణలు. దాన్ని తెలుసుకునే పద్ధతి వేరే ఉంది, దానికి సమయం కూడా ఉంది.

అసలు లోపల ఏమి కుడతారు?

పొట్ట మధ్యలో, రొమ్ము ఎముక కింది నుండి జఘనపు ఎముక వరకు రెండు పొడుగాటి కండరాలు పక్కపక్కనే దిగుతాయి. వీటిని రెక్టస్ కండరాలు అంటారు. ఈ రెండింటినీ నడుమ కలిపి ఉంచే తెల్లని గట్టి పట్టీ ఒకటి ఉంటుంది. దాని పేరు లీనియా ఆల్బా. గర్భంలో బిడ్డ పెరిగేకొద్దీ ఈ పట్టీ సాగుతుంది, కండరాలు రెండూ ఎడంగా జరుగుతాయి. ఇది జబ్బు కాదు, గర్భానికి చోటు ఇవ్వడానికి శరీరం చేసే సర్దుబాటు. నార్వే దేశంలో తొలి కాన్పు స్త్రీలు 300 మందిని పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, కాన్పు అయిన 6 వారాలకు నూటికి 60 మందిలో ఈ ఎడం కనిపించింది. ఏడాది తిరిగేసరికి అది నూటికి 33 మందికి తగ్గింది. అంటే చాలామందిలో దానంతట అదే చాలావరకు దగ్గరపడుతుంది. దగ్గరపడనివారిలో, మరీ వెడల్పుగా ఉన్నవారిలో ఆపరేషన్ అవసరం కావచ్చు.

టమ్మీ టక్‌లో మిగులు చర్మాన్ని, కొవ్వును తీసివేసిన తరువాత, కండరాల మీద కప్పి ఉండే గట్టి పొరను లోపలికి మడిచి పైనుండి కిందిదాకా కుడతారు. జాకెట్టు వదులైతే దర్జీ టక్కు వేసి కుడతాడు కదా, అదే పని. అసలు ఈ ఆపరేషన్ పేరులోని టక్ కూడా ఆ టక్కే. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. కుట్టేది కండరాన్ని కాదు, దాని మీది పొరను. "నా కండరం తెగిపోయింది డాక్టరుగారూ" అని వచ్చేవారికి ముందుగా చెప్పవలసింది ఇదే.

కుట్టుకు వాడే దారం కొందరు కరగని నైలాన్ వంటిది వాడతారు, కొందరు నెలల తరబడి ఉండి నిదానంగా కరిగేది వాడతారు. కరిగే దారం అనగానే భయపడకండి. దారం పని తాత్కాలికం. మడిచిన పొరలు రెండూ ఒకదానికొకటి అతుక్కుని మానేదాకా పట్టి ఉంచితే చాలు. అయితే ఆ మానడం మనం అనుకున్నంత త్వరగా జరగదు. చర్మం మీది గాయాన్నే తీసుకుంటే, 3 వారాలకు దాని బలం మామూలు చర్మంలో సుమారు 30 శాతం, 3 నెలలకు సుమారు 80 శాతం. పైన కుట్లు ఆరిపోయి మచ్చ శుభ్రంగా కనిపిస్తున్నా, లోపలి పొర ఇంకా బలం పుంజుకుంటూనే ఉంటుంది. "పదిహేను రోజులకే కుట్లు తీసేశారు కదా, ఇక అన్ని పనులూ చేసుకోవచ్చు" అనుకోవడం పొరపాటు.

ఈ కుట్టు ఎంతకాలం నిలుస్తుందన్న విషయంలో వైద్యులలోనే భిన్నమైన ఫలితాలు ఉన్నాయి. నెదర్లాండ్స్ వైద్యులు 2001లో ప్రచురించిన అల్ట్రాసౌండ్ పరిశీలనలో, కొన్నేళ్ల తరువాత చూస్తే నూటికి సుమారు 40 మందిలో ఎడం మిగిలిపోవడమో, మళ్లీ రావడమో కనిపించింది. బ్రెజిల్ వైద్యులు నైలాన్ దారంతో కుట్టినవారిని ఆరేడేళ్ల తరువాత సి.టి. స్కాన్ చేసి చూసి, ఎవరిలోనూ ఎడం తిరిగి రాలేదని 2005లో ప్రకటించారు. అయితే వారు చూసింది కొద్దిమందినే. దారం రకం, కుట్టిన పద్ధతి, ఆ తరువాత మనిషి ఎలా ఉన్నారన్నది, అన్నీ కలిసి ఫలితాన్ని నిర్ణయిస్తాయి. అందుకే మీకు ఏ దారం వాడారో, జాలీ, అంటే మెష్, వేశారో లేదో అడిగి తెలుసుకోవడం మీ హక్కు.

ఎప్పుడు పరీక్షించుకోవచ్చు?

మొదటి 6 వారాలు అసలు ప్రయత్నించవద్దు. తల పైకెత్తి పొట్ట బిగించి చూసుకోవడమే ఒక ఒత్తిడి. కుట్టు నిలిచిందో లేదో చూద్దామని రోజుకు నాలుగుసార్లు తల ఎత్తి చూసుకునేవారు ఆ కుట్టుకు మేలు చేయడం లేదు. మీకు ఆపరేషన్ చేసిన సర్జన్ "ఇక పొట్టకు పని చెప్పవచ్చు" అన్నాకే చూసుకోవాలి. హెర్నియా కూడా సరిచేసి ఉంటే, మెష్ వేసి ఉంటే ఆ సమయం ఇంకా ఎక్కువ కావచ్చు.

అప్పటిదాకా మంచం మీది నుండి లేచేటప్పుడు నేరుగా లేవకండి. మోకాళ్లు ముడిచి, ఒక పక్కకు ఒత్తిగిలి, చేతులు ఆనించి, కాళ్లు కిందికి జారవిడుస్తూ లేవండి. బాలింతలకు మన పెద్దవాళ్లు చెప్పేది కూడా ఇదే. పెద్దవాళ్లు చెప్పేవన్నీ చాదస్తం కాదు.

పరీక్షించుకునే పద్ధతి

ఉదయం పూట, పరగడుపున, మూత్రవిసర్జన చేసి వచ్చాక చూసుకోండి. సాయంత్రం చూసుకుంటే వాపు, తిన్న తిండి, గ్యాస్ అన్నీ కలిసి మిమ్మల్ని మోసం చేస్తాయి.

చాప మీదగానీ, గట్టి మంచం మీదగానీ వెల్లకిలా పడుకోండి. మోకాళ్లు ముడిచి పాదాలు నేలకు ఆనించండి. బెల్టు తీసేయండి. కుడిచేతి మూడు వేళ్లను బొడ్డుకు కాస్త పైన, పొట్టకు అడ్డంగా, వేలి కొనలు కిందికి ఉండేలా పెట్టండి. ముందు ఊరికే తాకి చూడండి. తరువాత గాలి వదులుతూ తలను, భుజాల పైభాగాన్ని మాత్రమే కొద్దిగా లేపండి. పూర్తిగా లేచి కూర్చోకూడదు. ఆ సమయంలో రెండు పక్కల నుండి కండరాల అంచులు వేళ్లను తాకడానికి వస్తాయి. వాటి మధ్య ఎన్ని వేళ్లు పడుతున్నాయో చూడండి. తల దించి విశ్రాంతి తీసుకోండి. ఇలాగే బొడ్డుకు మూడు వేళ్ల పైన ఒకసారి, మూడు వేళ్ల కింద ఒకసారి చూడండి. మూడు చోట్లా చూడటం ముఖ్యం. ఒక చోట గట్టిగా ఉండి మరొక చోట వదులయ్యే అవకాశం ఉంది.

ఒక వేలు దూరడం, లేదా అసలు దూరకపోవడం మంచి ఫలితం. ఎడం సుమారు 2 సెంటీమీటర్లు దాటితే, అంటే రెండు వేళ్లు, అంతకంటే ఎక్కువ పడితే డాక్టరుకు చూపించుకోవాలి. కానీ వెడల్పు ఒక్కటే చూడకండి. వేళ్ల కింద ఎంత గట్టిగా ఉందో చూడటం అంతకంటే ముఖ్యం. మీ ముక్కు కొనను నొక్కి చూడండి, తరువాత మీ బుగ్గను నొక్కి చూడండి. తల లేపినప్పుడు నడిమి పట్టీ ముక్కు కొనలా గట్టిగా వేలికి ఎదురు నిలిస్తే, కుట్టు తన పని తాను చేస్తోంది. బుగ్గలా మెత్తగా లోపలికి దిగిపోతే అనుమానించాలి. సన్నగా ఉన్నవారికి పొట్ట మధ్యలో నిలువుగా సన్నని గట్టులాంటిది, అక్కడక్కడ ముడుల్లాంటివి తగలవచ్చు. అవి కుట్టిన గుర్తులే.

తరువాత లేచి నిలబడి, పొట్ట మీద అరచేయి ఆనించి, ఒక్కసారి దగ్గండి. అరచేతి కింద ఎక్కడైనా గుండ్రంగా ఏదో తన్నుకు వచ్చినట్టు అనిపిస్తే ఆ చోటును గుర్తుపెట్టుకోండి.

ఈ పరీక్షకు ఉన్న పరిమితి కూడా చెప్పాలి. టమ్మీ టక్ తరువాత బొడ్డు కింద చర్మం నెలల తరబడి మొద్దుబారి ఉంటుంది, బిగిసి ఉంటుంది. కింది భాగంలో వేళ్లకు స్పష్టంగా తెలియకపోవచ్చు. కాబట్టి నెలకొకసారి చూసుకుంటే చాలు. అదే రోజు ఉదయం పక్కనుండి ఒక ఫోటో తీయించుకుని దాచుకోండి, అదే చోట, అదే వెలుతురులో. రోజూ తడుముకుంటూ కూర్చుంటే మనసు పాడవడం తప్ప ప్రయోజనం లేదు.

కుట్టు ఊడకపోయినా పొట్ట ఎందుకు ఉబ్బుతుంది?

ఎక్కువమంది భయపడేది వాపును చూసి. మొదటి మూడు నెలలు వాపు ఉండటం సహజం. కొందరిలో కొద్దిపాటి వాపు ఏడాది దాకా కూడా కనిపిస్తుంది. ఉదయం తగ్గి, సాయంత్రానికి పెరిగితే, ఎక్కువసేపు నిలబడి పనిచేసిన రోజున ఇంకా పెరిగితే అది చాలావరకు వాపే.

చర్మం కింద నీరు చేరడం మరొక కారణం. దీన్ని సిరోమా అంటారు. ఒక పక్క తడితే రెండో పక్కకు నీళ్ల సంచిలో లాగా అల కదులుతుంది. డాక్టరు సూదితో ఆ నీటిని తీసివేయగలరు. ఇంట్లో పిసకడం, కాపడం పెట్టడం చేయకండి. మొద్దుబారిన చర్మానికి వేడి తెలియక కాలి బొబ్బలెక్కుతుంది.

ఇక మూడవది కాస్త ఇబ్బందికరమైన నిజం. టమ్మీ టక్‌లో తీసేది చర్మం కింది కొవ్వును మాత్రమే. పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వును తీయరు, తీయడం సాధ్యం కాదు. ఆ కొవ్వు ఎక్కువగా ఉన్నవారికి కుట్టు ఎంత బాగున్నా పొట్ట పూర్తిగా చదును కాదు. దానికి తిండి, నడక తప్ప మరో కుట్టు లేదు. ఆపరేషన్‌కు ముందే ఈ మాట రోగికి చెప్పి ఉంటే తరువాత ఇంత నిరాశ ఉండదని మా అభిప్రాయం.

దగ్గినప్పుడు వచ్చిన "టప్" మనే శబ్దం సంగతి? కొన్నిసార్లు ఒక్క కుట్టు వదలవచ్చు, కొన్నిసార్లు అతుక్కున్న కణజాలం కదలవచ్చు. ఒక కుట్టు వదిలినంత మాత్రాన మొత్తం విడిపోదు, ఎందుకంటే కుట్టును ఒకటికి రెండు వరుసలుగా వేసేవారు ఎక్కువ. అయినా ఆ రోజే సర్జన్‌కు ఫోను చేసి చెప్పండి. శబ్దం తరువాత కొత్తగా ఉబ్బు వచ్చినా, నొప్పి ఆగకపోయినా స్వయంగా వెళ్లి చూపించుకోవాలి.

నిజంగా అనుమానించవలసినవి

వాపు తగ్గి పొట్ట చదునుగా మారిన తరువాత, కొన్ని నెలలకు మళ్లీ మధ్యలో నిలువుగా ఉబ్బు రావడం. లేచి కూర్చునేటప్పుడు పొట్ట నడిమధ్యన బోర్లించిన పడవలా గుట్టగా లేవడం. ఆ గుట్ట నెలనెలకు పొడుగవడం. బరువు పెరగకుండానే లోలంగా వెనుకటిలా కట్టుకోలేకపోవడం, నడుము నొప్పి తిరగబెట్టడం కూడా వీటితో కలిస్తే ఆలస్యం చేయకండి. నిలువు ఉబ్బు ఎడం తిరిగి వచ్చిందనడానికి గుర్తు. ఒకే చోట గుండ్రంగా, నిలబడితే వచ్చి పడుకుంటే పోయే ఉబ్బు హెర్నియా కావచ్చు. ఈ రెండింటికీ తేడా ఉంది. ఎడంలో పొర సాగుతుంది కానీ చిరగదు, కాబట్టి అందులో పేగు ఇరుక్కోదు. హెర్నియాలో రంధ్రం ఉంటుంది, పేగు ఇరుక్కునే ప్రమాదం ఉంటుంది. పూర్వం గర్భసంచి ఆపరేషన్‌కో, మరొకదానికో పొట్ట మీద నిలువు కోత పడినవారు దీని విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఉబ్బు గట్టిపడి, నొప్పి పెట్టి, పడుకున్నా లోపలికి పోకపోతే, వాంతులు అవుతుంటే, గాలి, విరేచనం ఆగిపోతే మరునాటిదాకా ఆగకూడదు. అది పేగు ఇరుక్కున్న లక్షణం. ఉబ్బును బలవంతంగా లోపలికి నెట్టకుండా, ఏమీ తినిపించకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో పిక్క వాచి నొప్పి పెట్టడం, హఠాత్తుగా ఆయాసం రావడం రక్తం గడ్డకట్టిన సూచన కావచ్చు. అప్పుడూ 108కు ఫోను చేయండి. జ్వరం, గాయం చుట్టూ ఎరుపు, చీము కనిపిస్తే ఆ రోజే చూపించుకోవాలి.

డాక్టరు ఎలా నిర్ధారిస్తారు?

సగం విషయం చేతితో చూసే తెలుస్తుంది. మిగతాది పొట్ట గోడకు చేసే అల్ట్రాసౌండ్ చెబుతుంది. పడుకుని ఉన్నప్పుడు ఒకసారి, తల లేపినప్పుడు ఒకసారి కండరాల మధ్య ఎడం కొలవమని స్కానింగ్ చేసేవారికి చీటీలో రాయించుకోండి. ఉత్త పొట్ట స్కానింగ్ అని రాస్తే కాలేయం, మూత్రపిండాలు చూసి పంపించేస్తారు, పొట్ట గోడ సంగతి అందులో ఉండకపోవచ్చు. లావుగా ఉన్నవారికి, హెర్నియా అనుమానం ఉన్నవారికి సి.టి. స్కాన్ అవసరం కావచ్చు.

కొంచెం ఎడం మిగిలినా పట్టీ గట్టిగా ఉండి, ఇబ్బంది లేకపోతే మళ్లీ ఆపరేషన్ చేయనవసరం లేదు. ఫిజియోథెరపిస్టు నేర్పే లోపలి పొట్ట కండరాల వ్యాయామాలతో చాలామంది బాగుంటారు. టీవీలో చూసి సిటప్స్ తీయడం మాత్రం వద్దు. మళ్లీ కుట్టవలసి వచ్చినా మొదటి గాయం పూర్తిగా మెత్తబడే వరకు, సాధారణంగా 6 నెలల నుండి ఏడాది వరకు ఆగుతారు. హెర్నియా ఇబ్బంది పెడుతుంటే ఆ లెక్క వేరు.

కుట్టును వదులు చేసేవి

అన్నిటికంటే ముందు చెప్పవలసింది దగ్గు. చుట్ట, బీడీ తాగేవారికి దగ్గుతోపాటు గాయం మానడం కూడా ఆలస్యమవుతుంది. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో అడ్డపొగ అలవాటున్న స్త్రీలు ఉన్నారు. ఆ అలవాటున్నవారు సిగ్గుపడకుండా ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు చెప్పి మానుకోవాలి. దగ్గు వచ్చినప్పుడు ఒక దిండును పొట్టకు హత్తుకుని దగ్గితే కుట్టు మీద భారం తగ్గుతుంది. తరువాతది మలబద్ధకం. నొప్పి మాత్రలలో కొన్ని మలబద్ధకం చేస్తాయి. నీళ్లు, ఆకుకూరలు, జామపండు, అవసరమైతే డాక్టరు రాసిన మందు వాడి ముక్కవలసిన అవసరం లేకుండా చూసుకోండి. షుగరు వ్యాధి ఉన్నవారు దాన్ని అదుపులో ఉంచుకోవాలి.

బరువుల విషయంలో మన ఇళ్లలో లెక్క తప్పుతుంది. మొదటి 6 వారాలు నాలుగైదు కిలోలకు మించి ఎత్తవద్దంటే "మేమేం బరువులు ఎత్తుతామండీ" అంటారు. నిండు నీళ్ల బిందె పది కిలోలకు పైనే ఉంటుంది. ఏడాది బిడ్డ సుమారు తొమ్మిది పది కిలోలు. గ్యాస్ బండలో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే దాదాపు ముప్ఫై. బిడ్డను ఎత్తుకోకుండా ఉండటం తల్లికి కష్టమే. మంచం మీద కూర్చుని, మరొకరు తెచ్చి ఒడిలో పెడితే ముద్దు చేసుకోవచ్చు. ఈ ఆరు వారాలు ఇంట్లో నీళ్లు ఎవరు మోస్తారు, బండ ఎవరు మారుస్తారు అన్నది ఆపరేషన్ తేదీ తీసుకోకముందే భర్తతో, అత్తగారితో మాట్లాడుకోవాలి. బెల్టు పెట్టుకున్నాం కదా అని బరువులు ఎత్తకండి. బెల్టు వాపుకు, నొప్పికి ఊరటనిస్తుంది, అంతే. మరీ బిగిస్తే ఊపిరి కూడా ఆడదు.

మళ్లీ గర్భం వస్తే పొర మళ్లీ సాగుతుంది. బిడ్డకు దానివల్ల సాధారణంగా ముప్పు ఉండదు కానీ, చేసిన పని చాలావరకు వృథా కావచ్చు. కాన్పులన్నీ అయ్యాకే ఈ ఆపరేషన్ గురించి ఆలోచించమనడం అందుకే.

చూపించుకోవడానికి వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితం, ఆపరేషన్ వివరాలు రాసిన కాగితం, మీరు తీయించుకున్న ఫోటోలు వెంట తెచ్చుకోండి. ఆపరేషన్ ఎక్కడ చేయించుకున్నా సరే, ఆ కాగితాలు ఇమ్మని అడిగి తీసుకోవచ్చు. ఉబ్బు సాయంత్రమే కనిపిస్తుంటే ఉదయం ఓ.పి.కి వచ్చి "ఇప్పుడు లేదండీ" అని తిరిగి వెళ్లిపోకండి. సాయంత్రం పూట ఒక ఫోటో తీసి తెండి, లేదా సాయంత్రం ఓ.పి.కి రండి.